చేవెళ్ల పలుకు - బుల్లితెర మలుపులు: తెలుగు టెలివిజన్ చరిత్రలో తెలంగాణ మాండలికం

వ్యాససంగ్రహం:

తెలుగు టెలివిజన్ చరిత్రను సాధారణంగా సాంకేతిక పరిణామాల వరుసగానో, చానెళ్ల ఆవిర్భావ క్రమంగానో రాయడం పరిపాటి. ఉపగ్రహ ప్రసారం, రంగుల తెర, కేబుల్, వార్తాచానెళ్లు అనే మైలురాళ్ల మధ్య ఒక ప్రాంతపు మాటకు దక్కిన స్థానం ఏమిటన్నది ఈ చరిత్రల్లో తక్కువగా కనిపించే ప్రశ్న. హైదరాబాదు నగరానికి పడమట ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని దశాబ్దాల వారీగా ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం. చేవెళ్ల మండలం పామెన గ్రామం నుంచి వచ్చిన బిత్తిరి సత్తి పాత్రను కేంద్రంగా చేసుకొని, మాండలికం తెరపైకి ఏ ద్వారం గుండా ప్రవేశించింది, ఆ ప్రవేశం వల్ల ఏం లభించింది, ఏం మిగిలిపోయింది అనే అంశాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టెలివిజన్, తెలంగాణ మాండలికం, చేవెళ్ల, మొయినాబాద్, బిత్తిరి సత్తి, తీన్మార్ వార్తలు, పిట్టలదొర, ప్రామాణిక భాష.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుంచి బీజాపూర్ వైపు సాగే పాత రహదారి మీద మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ల వస్తాయి. ఒకవైపు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతం, మరొకవైపు పూలతోటలు, కూరగాయల మడులు, రోడ్డుకు ఇరువైపులా పాత మర్రిచెట్లు ఈ ప్రాంతానికి గుర్తులు. నగరానికి ఇంత చేరువలో ఉండి కూడా పల్లె స్వభావాన్ని చాలాకాలం నిలుపుకోవడం దీని ప్రత్యేకత. జలాశయాల రక్షణకోసం 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలను పరిమితం చేయడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

భాషాపరంగానూ ఇది సరిహద్దు నేలే. పడమటి దిక్కున తాండూరు దాటితే కన్నడం పలకరిస్తుంది. తూర్పున నగరం నుంచి దక్కనీ ఉర్దూ వస్తుంది. ఈ రెంటి నడుమ నిలిచిన తెలుగు పలుకుబడికి తనదైన నాదం ఉంది. 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం ద్వారా ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి చూపారు. వాటిలో ఉత్తర మండలం తెలంగాణ. శాస్త్రం దృష్టిలో నాలుగు మండలాలూ సమానమే. అయితే పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి, ఆ తరువాత దూరదర్శన్ అనుసరించిన ప్రామాణిక భాష ప్రధానంగా మధ్య మండలపు శిష్టవ్యవహారం మీద ఆధారపడింది. టెలివిజన్ మైలురాళ్లను ఈ అసమానత వెలుగులో చదివినప్పుడే వాటి సాంస్కృతిక అర్థం బోధపడుతుంది.

2. డెబ్బయ్యవ దశకం - బొమ్మ ఒకటి, గొంతులు రెండు:

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1967 జనవరి 26న ఆరంభమైన కృషిదర్శన్ ఢిల్లీ చుట్టుపక్కల పల్లెలను ఉద్దేశించింది. తెలుగు పల్లెకు టెలివిజన్ చేరడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆ సందర్భం. సైట్ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. చేవెళ్ల ప్రాంతం అప్పటికి హైదరాబాదు జిల్లాలో భాగం. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978లో.

పల్లెలో ఒక సామూహిక టీవీ పెట్టె, ఇంటికప్పు మీదనో ఆవరణలోనో తీగవలతో అల్లిన పెద్ద గిన్నె ఆకారపు యాంటెన్నా, దాని చుట్టూ చేరిన ఊరు - ఇదీ ఆ ప్రయోగపు దృశ్యం. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం వాటి ప్రధాన విషయాలు. ఒక చిత్రప్రసారానికి రెండు ధ్వనిమార్గాలు ఉండే ఏర్పాటు ఇందులోని సాంకేతిక విశేషం. అంటే బొమ్మ ఉమ్మడిగా ఉన్నా మాట వేర్వేరు భాషలలో వినిపించవచ్చు.

భాషావిమర్శకు ఈ ఏర్పాటు విలువైన ఆధారం. మాట మారితే తప్ప బొమ్మ పల్లెకు చేరదని తెలుగు పల్లెను తాకిన తొలి టెలివిజన్ గుర్తించింది. అయితే ఆ గుర్తింపు భాష దగ్గరే ఆగింది, మాండలికం దాకా రాలేదు. తెలుగు అంటే ఒకే తెలుగు అనే భావన మీద కార్యక్రమాలు నడిచాయి. పైగా ప్రయోగం మొదలయ్యేనాటికి దేశంలో అత్యవసర పరిస్థితి అమలులోకి వచ్చి అయిదు వారాలు గడిచాయి. ప్రభుత్వం చెబుతుంది, పల్లె వింటుంది అనే ఏకముఖ సంబంధం అప్పుడే స్థిరపడింది. పల్లె తెర ముందు కూర్చుంది. తెరలోకి మాట్లాడే అవకాశం దానికి దొరకలేదు.

3. దూరదర్శన్ కాలం - ఎత్తైన యాంటెన్నా, ఎత్తుగడ కలిగిన భాష:

ఏడాది గడువు ముగియగానే ఉపగ్రహం తరలిపోయింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఏర్పడి భూతల ప్రసారాలు మొదలైన తరువాత చేవెళ్ల, మొయినాబాద్ వంటి సమీప ప్రాంతాలు నగర ప్రసారాలకు సహజ ప్రేక్షక క్షేత్రాలయ్యాయి. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమాలు, రంగుల ప్రసారాలు ప్రారంభం కావడం తరువాతి మలుపు. 1987 జనవరి 25న రామాయణ్ ధారావాహిక మొదలై ఆదివారపు ఉదయాలను దేశమంతటా మార్చివేసింది. హిందీ తెలియని ఇళ్లలోనూ కథ తెలుసు కనుక బొమ్మ అర్థమైంది. సైట్ కాలంలో మాటకు దక్కిన ప్రాధాన్యం ఇక్కడ తలకిందులైంది. గొంతు ఒకటే అయింది, వినేవారే తమ తమ భాషల్లోకి దాన్ని మార్చుకున్నారు.

హైదరాబాదు కేంద్రపు సొంత కార్యక్రమాలు తెలుగుకు చోటిచ్చాయి. చిత్రలహరి పాటలు, ఆనందోబ్రహ్మ హాస్యం, ఆపై ఋతురాగాలు ధారావాహిక ఒక తరం జ్ఞాపకంలో నిలిచాయి. అయితే వార్తాపఠనం తీర్చిదిద్దిన శిష్టభాషలోనే సాగింది. స్పష్టత, ఉచ్చారణశుద్ధి ఆ భాషకు బలాలు. వాటిని తక్కువ చేయనక్కరలేదు. కానీ 'వచ్చిండు', 'చూసిన', 'ఎట్ల' అనే రూపాలు ఆ బల్ల దగ్గరికి రాలేదన్నదీ అంతే నిజం. ఇంట్లో ఒక తెలుగు, తెర మీద మరో తెలుగు అనే ద్వైధీభావం తెలంగాణ పిల్లవాడికి బడి తరువాత రెండోసారి ఎదురైంది దూరదర్శన్ ముందే.

ఈ లోటును సాహిత్యం అంతకుముందే గుర్తించింది. 1934 నాటి గోలకొండ కవుల సంచిక తెలంగాణలో కవులున్నారని చాటింది. కాళోజీ ఇంటిభాష గౌరవంకోసం జీవితాంతం వాదించారు. పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' కథలు పాలమూరు పలుకుబడిని అచ్చులోకి తెచ్చాయి. అచ్చులో ఇంత కృషి జరిగినా తెర దానిని అందిపుచ్చుకోవడానికి దశాబ్దాలు పట్టడం గమనించవలసిన విషయం.

4. తొంభయ్యవ దశకం - సంత తెరుచుకున్నా మాట మారలేదు:

1991 తరువాత విదేశీ ఉపగ్రహ చానెళ్లు, కేబుల్ తీగలు విస్తరించాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం తగదని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేబుల్ టెలివిజన్ చట్టం కూడా ఆ ఏడాదిదే. జెమిని టీవీ, ఆగస్టు 27న ఈటీవీ తెలుగునాట ప్రసారాలు ఆరంభించిందీ అదే సంవత్సరం. తెలుగు టెలివిజన్ చరిత్రలో 1995ను ఒక విభజనరేఖగా పరిగణించడానికి ఈ మూడు పరిణామాలు చాలు.

ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది కనుక భాషావైవిధ్యం పెరగాలి. జరిగింది అందుకు భిన్నం. అన్ని ప్రాంతాల ప్రేక్షకులనూ ఒకే కార్యక్రమంతో ఆకట్టుకోవాలనే వ్యాపారసూత్రం మరింత నునుపైన, ప్రాంతపు వాసన లేని భాషను కోరుకుంది. ఈటీవీ 'అన్నదాత' వంటి కార్యక్రమాలు రైతు అనుభవానికి చోటిచ్చి మేలు చేశాయి. కాని వినోద కార్యక్రమాలలో, ధారావాహికలలో తెలంగాణ పలుకు పనివాళ్లకో, రౌడీలకో, నవ్వు పుట్టించే పాత్రలకో పరిమితమైంది. సినిమా నేర్పిన ఈ అలవాటును బుల్లితెర ప్రశ్నించకుండానే స్వీకరించింది. గాలి తరంగాలు ప్రజలవే అని న్యాయస్థానం చెప్పినా, ప్రజల మాట ఆ తరంగాల మీద కూలిమాటగానే మిగిలింది.

5. రెండువేల దశకం - నేల దృశ్యమైంది:

2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ల నుంచి ప్రారంభించి జూన్‌లో ఇచ్ఛాపురంలో ముగించారు. 2003 చివర ఈటీవీ-2, 2004లో టీవీ9 రావడంతో తెలుగులో నిరంతర వార్తల యుగం మొదలైంది. పాదయాత్ర ఆ యుగపు గడప మీద జరిగింది. తరువాతి ఎన్నికల విజయంతో కలిపి చూపడం వల్ల చేవెళ్ల రాజకీయ శుభారంభాలకు గుర్తుగా తెర మీద స్థిరపడింది. 2021 అక్టోబరు 20న వై.ఎస్. షర్మిల పాదయాత్ర కూడా చేవెళ్లనుంచే మొదలు కావడం ఆ దృశ్యస్మృతి బలాన్ని తెలుపుతుంది.

మొయినాబాద్ మరో విధంగా తెరకెక్కింది. 2022 అక్టోబరు 26న ఆ మండలంలోని ఒక ఫామ్‌హౌస్‌లో అప్పటి అధికారపక్ష శాసనసభ్యుల కొనుగోలుకు యత్నం జరిగిందన్న ఆరోపణపై కేసు నమోదైంది. అక్కడ రహస్యంగా చిత్రీకరించినవిగా చెప్పిన దృశ్యాలను నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు నవంబరు 3న విలేకరుల సమావేశంలో ప్రదర్శించగా చానెళ్లన్నీ ప్రసారం చేశాయి. ఆరోపణల నిజానిజాలు న్యాయవ్యవస్థ పరిధిలోనివి. విమర్శకు సంబంధించిన అంశం వేరు. 1975లో పల్లె మొత్తం ఒక పెట్టె ముందు బహిరంగంగా కూర్చుంది. 2022లో కెమెరా పల్లెలోని ప్రహరీగోడల లోపల దాగి కూర్చుంది. ఊరి పేరు రోజుల తరబడి మారుమోగింది, ఊరివారి గొంతు మాత్రం వినబడలేదు. ఈ రెండు ఉదాహరణలలోనూ నేల నేపథ్యంగా నిలిచిందే తప్ప వక్త కాలేదు.

6. రెండువేల పది దశకం - పామెన నుంచి వచ్చిన గొంతు:

తెలంగాణ ఉద్యమం భాషాగౌరవాన్ని రాజకీయాంశంగా మార్చింది. 2011లో టీ న్యూస్, 2012లో వి6 ప్రసారాలు ప్రారంభించాయి. రాష్ట్రం ఏర్పడిన 2014లోనే కాళోజీ జయంతి సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవమైంది. హైదరాబాదు దూరదర్శన్ చానెల్ 'యాదగిరి' అనే పేరు పొందింది. ఈ వాతావరణంలో వి6 'తీన్మార్ వార్తలు' ఆదరణ పొందాయి. ఊరేగింపులలో మోగే డప్పు దరువు పేరు వార్తలకు పెట్టడమే ఒక ప్రకటన. వార్త ఇక బల్ల మీద చదివేది కాదు, వీధిలో మోగేది అని దాని భావం.

ఆ కార్యక్రమంలో బిత్తిరి సత్తిగా పేరు పొందిన రవికుమార్ స్వస్థలం చేవెళ్ల మండలంలోని పామెన. 'బిత్తిరి' అంటే బెదిరినట్టు, తికమకపడినట్టు ఉండేవాడు. సత్తి ఏమీ తెలియనివాడుగా వస్తాడు, సావిత్రిని అక్కా అని పిలుస్తాడు, ఆ రోజు వార్తను తన ఊరి అనుభవంతో కొలుస్తాడు. ఆ కొలతలో పెద్ద మాటలు చిన్నబోతాయి. వి6 తరువాత టీవీ9, సాక్షి చానెళ్లలోనూ ఈ పాత్ర కొనసాగడం దాని ఆదరణకు నిదర్శనం.

ఈ పాత్రకు మూలాలు తెలుగు ప్రదర్శన సంప్రదాయంలోనే ఉన్నాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు రాజుల కథ మధ్యలో చొరబడి ఊరి సంగతులు మాట్లాడతారు. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర పాత ఖాకీబట్టలు తొడిగి, కట్టెతుపాకి భుజాన వేసుకొని, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలగలిపి గొప్పలు పోతాడు. ఇతనికే తుపాకి రాముడని మరో పేరు. 2019లో బిత్తిరి సత్తి కథానాయకుడిగా వచ్చిన చలనచిత్రం పేరు 'తుపాకి రాముడు' కావడం ఈ సంబంధాన్ని బలపరుస్తుంది. రెండు పాత్రల మధ్య ఒక భేదం ఉంది. పిట్టలదొర అన్నీ తెలుసునంటాడు, సత్తి ఏమీ తెలియదంటాడు. మొదటివాడు అధికారాన్ని అనుకరించి పరిహసిస్తే, రెండవవాడు అమాయకంగా ప్రశ్నించి పరిహసిస్తాడు. దారులు వేరైనా గమ్యం ఒకటే.

మరో భేదం మాధ్యమానికి సంబంధించినది. పిట్టలదొరకు ఎదురుగా ఊరుంటుంది. ఆయన మాటకు అరుగు మీది ముసలమ్మ బదులు చెప్పగలదు. టెలివిజన్‌లో ఆ అవకాశం లేదు కనుక సావిత్రి పాత్ర ఊరికి ప్రతినిధి అవుతుంది. ఆమె సర్దిచెబుతుంది, కోప్పడుతుంది, నవ్వుతుంది. పోయిన ప్రేక్షకుడి స్థానాన్ని ఆమె పూరించడం ఈ కార్యక్రమ నిర్మాణంలోని ప్రధాన విజయం.

7. తెరమాండలికం - విమర్శ:

మాండలికం వార్తల్లోకి రావడం నిస్సందేహంగా చారిత్రకం. అయితే అది ఏ ద్వారం గుండా వచ్చిందన్నది అడగవలసిన ప్రశ్న. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడతాడు, విదూషకుడు ప్రాకృతం మాట్లాడతాడు. విదూషకుడు బ్రాహ్మణుడైనా అతని భాష మారదు, ఎందుకంటే నవ్వించడం అతని పని. తెలుగు టెలివిజన్ తెలియకుండానే ఈ పాత విభజనను పాటించింది. అదే చానెల్‌లో బడ్జెట్ వార్త, కోర్టు తీర్పు ప్రామాణిక భాషలోనూ, వాటి మీద వ్యంగ్యం మాండలికంలోనూ వినిపించడం ఇందుకు తార్కాణం. మాండలికానికి సమయం దొరికింది. గంభీర విషయాన్ని గంభీరంగా చెప్పే అధికారం మాత్రం పూర్తిగా దొరకలేదు.

దీనికి ప్రతివాదం ఉంది. సావిత్రి పాత్ర మాండలికంలోనే మాట్లాడినా విదూషక పాత్ర కాదు. ఆమెది తెలిసిన మనిషి గొంతు. కాబట్టి మాండలికం కేవలం హాస్యానికి పరిమితమైందనడం అర్ధసత్యమే. పైగా సత్తిని చూసి నవ్వే ప్రేక్షకులలో అధికభాగం ఆ భాష మాట్లాడేవారే. పరుల భాషను చూసి నవ్వడం వేరు, తమ భాషలో నవ్వుకోవడం వేరు. సినిమా మొదటి నవ్వును అలవాటు చేస్తే, తీన్మార్ వార్తలు రెండవ నవ్వును సాధ్యం చేశాయి. ఈ వాదంలో బలముంది. అయినా కార్యక్రమానికి కేటాయించిన వేళ, ఇచ్చిన పేరు, వేషం కలిసి మాండలికాన్ని ఒక గదిలోనే ఉంచాయన్న సంగతిని అది కొట్టివేయలేదు.

రెండవ సమస్య భాషాశాస్త్రానికి సంబంధించినది. తెర మీద వినిపించే తెలంగాణ పలుకు క్రమంగా ఒక కొత్త ప్రమాణంగా గడ్డకట్టింది. దీనిని 'తెరమాండలికం' అనవచ్చు. దీని లక్షణాలు మూడు:

అ) నిర్దేశక పదాల ముందు గకారం చేరడం. నిజవ్యవహారంలో 'ఇది', 'గిది' రెండూ ఉన్నాయి. నొక్కిచెప్పవలసినచోట, సందర్భాన్ని బట్టి గకారం వస్తుంది. తెర మీద అది ప్రతిచోటా వచ్చే గుర్తింపుముద్రగా మారింది.

ఆ) దక్కనీ ఉర్దూ పదాల పోగు. జెర, మస్తు, పరేషాన్, గరం వంటివి ఈ ప్రాంతపు సహజసంపద. ఇస్కూలు వంటి మాటల్లో కనిపించే పదాది ఇకారం 'ఇస్మార్ట్' రూపంలో ఏకంగా వార్తాకార్యక్రమం పేరే అయింది. తెర మీద ఇవి అర్థంకోసం కన్నా రుచికోసం వాడబడుతున్నాయి.

ఇ) ప్రాంతభేదాల విలీనం. చేవెళ్ల, కరీంనగర్, నల్లగొండ, ఆదిలాబాద్ పలుకుబడుల మధ్య ధ్వనిలోనూ పదజాలంలోనూ తేడాలున్నాయి. తెరమాండలికం వాటన్నింటినీ 'తెలంగాణ యాస' అనే ఒకే మూసలో పోసింది. కోస్తా ప్రమాణం మిగిలిన మండలాలకు చేసినదే ఇది తన ప్రాంతపు ఉపభేదాలకు చేస్తున్నది.

ఈ మూడవ లక్షణం తీవ్రమైనది. మాండలికానికి గౌరవం కోరిన ఉద్యమఫలితం మరో ఏకరూపతకు దారి తీస్తే, చేవెళ్ల పూలతోటలో, మొయినాబాద్ కూరగాయల మడిలో పనికి సంబంధించిన మాటలు మళ్లీ నిఘంటువుల బయటే మిగులుతాయి. ఉత్తర్వుల సడలింపు, నగర విస్తరణ వల్ల ఈ ప్రాంతపు వృత్తులే వేగంగా మారుతున్నాయి. వృత్తి పోతే పదం పోతుంది. ఆ పదానికి తెర మీద చోటు దొరకకపోతే దానికి మరో ఆశ్రయం లేదు.

8. ముగింపు:

పై పరిశీలనను బట్టి ఈ కింది విషయాలు తేలుతున్నాయి.

1. తెలుగు టెలివిజన్ చరిత్రలో పల్లె మూడు స్థానాలలో నిలిచింది. డెబ్బయ్యవ దశకం నుంచి శ్రోత, 2003 తరువాత దృశ్యనేపథ్యం, 2012 తరువాత వక్త. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఈ స్థానాలన్నీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. కొత్త స్థానం వచ్చినా పాతది తొలగిపోలేదని 2022 నాటి ఉదంతం తెలుపుతుంది.

2. ప్రసారాలపై గుత్తాధిపత్యం తొలగడం, భాషావైవిధ్యం పెరగడం ఒకటి కాదు. 1995 మార్పు భాషను మార్చలేదు. ఆ పని చేసింది మార్కెట్ కాదు, ఉద్యమం.

3. బిత్తిరి సత్తి పాత్ర పిట్టలదొర, కేతిగాడి వంటి జానపద హాస్యపాత్రల వారసత్వాన్ని టెలివిజన్‌కు అనువుగా మలచింది. దాని విజయం మాండలికపు శక్తిని నిరూపించింది. దాని పరిమితి మాండలికాన్ని ఇంకా పూర్తిగా నమ్మని వ్యవస్థది, నటుడిది కాదు.

4. తెరమాండలికం నిజవ్యవహారానికి ప్రత్యామ్నాయం కాదు. తెలుగు శాఖలు ఈ కార్యక్రమాలను పాఠాలుగా స్వీకరించి, లిఖితరూపంలో భద్రపరచి, క్షేత్రపర్యటనలో సేకరించిన వ్యవహారంతో పోల్చవలసి ఉంది. పామెన వాడుకను, పామెన నుంచి వచ్చిన పాత్ర వాడుకను పక్కపక్కన పెట్టి చూసే అధ్యయనం ఇందుకు తొలిమెట్టు కాగలదు.

సైట్ ప్రయోగం నాటి ఏర్పాటులో బొమ్మ ఒకటే అయినా గొంతులు రెండు వినిపించే వీలుండింది. నేటి సాంకేతికతలో ఎన్ని గొంతులకైనా వీలుంది. కరువైనది వీలు కాదు, సంకల్పం. పంట ధర గురించి, చెరువు హద్దు గురించి, కోర్టు తీర్పు గురించి చేవెళ్ల పలుకులో నవ్వు లేకుండా కూడా చెప్పవచ్చునని ఒక వార్తాసంచిక నమ్మిన రోజు తెలుగు టెలివిజన్ చరిత్రలో తరువాతి మైలురాయి అవుతుంది.